కంఠతా రాని మాటల కోసం

మా ఇంట్లో చదువు రానివాళ్లు ఎవరూ లేరని ఊరంతా అనుకునేది. మేమూ అలాగే అనుకునేవాళ్లం. మా అత్తగారు హెడ్ మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. మా వారు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను బి.ఇడి. చేసి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, పిల్లలు పుట్టాక మానేశాను. ఒక్క పంతులున్న ఇంట్లోనే పిల్లలకి ఊపిరాడదు, మా ఇంట్లో ముగ్గురం. అయినా మా అమ్మాయికి ఎనిమిదేళ్లు నిండేదాకా దానికి చదవడం రాదన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు. తెలియకపోవడానికి కారణం కూడా మా ఇంటి చదువే.

మాది అమలాపురం శివార్లలో కాలవ గట్టు పక్కన ఇల్లు. సాయంత్రం వంటయ్యాక, అన్నం వడ్డించే ముందు అందరం హాల్లో చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటాం. అప్పుడు పెద్ద పుస్తకం, అంటే బైబిలు, తీసి ఒక భాగం పైకి చదవడం పిల్లల పని. మా అత్తగారు భాగం చెబుతారు, పిల్ల చదువుతుంది, తర్వాత ఆవిడ ప్రార్థన చేస్తారు, ఆ తర్వాతే కంచాలు. మా అమ్మాయికి ఆరో ఏట నుంచి ఈ చదివే పని దక్కింది. అంతకు ముందే సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీల్లో దాన్ని మించినవాళ్లు లేరు. మా వంటింట్లో స్టీలు డబ్బాలు చాలావరకు అది గెలుచుకొచ్చినవే. పప్పులు, కారం, చింతపండు అన్నీ దాని బహుమతుల్లోనే ఉంటాయి.

అది పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వరస కింద వేలు పెట్టి, గంట కొట్టినట్టు చదివేది. పేజీ తిప్పాల్సిన చోట తిప్పేది. చుట్టూ కూర్చున్న మాకూ ఆ మాటలన్నీ నోటికొచ్చినవే కాబట్టి మేమూ పెదవులు కదుపుతూనే ఉండేవాళ్లం. మా అత్తగారు కళ్లు మూసుకుని తల ఊపేవారు. ఆ కాసేపు ఆవిడ ముఖంలో ఉండే తృప్తి మళ్లీ రోజంతా కనిపించేది కాదు.

ఒక సాయంత్రం వానకి కరెంటు పోయింది. పిల్ల చదవడం మధ్యలో ఉంది. చీకటి పడ్డా దాని గొంతు ఆగలేదు. అదే వేగం, అదే స్పష్టత. మేమందరం కూడా వెంట అంటూనే ఉన్నాం. మా వారు ఫోన్ లైటు వేసేసరికి భాగం అయిపోయింది, ఆమెన్ కూడా అయిపోయింది.

"చూసేరా, చీకట్లో కూడా ఆపలేదు నా తల్లి," అని మా అత్తగారు మురిసిపోయారు.

ఆ లైటు వెలుగులో నేను పిల్ల ఒళ్లో పుస్తకం చూశాను. చదివిన భాగం పుస్తకం మధ్యలో ఉంటుంది. దాని ఒళ్లో తెరిచి ఉన్నది ఎక్కడో చివర. అన్నం వడ్డిస్తున్నానన్న మాటే గానీ, ఎవరికేం వేశానో గుర్తు లేదు.

మర్నాడు కొత్తగా తెచ్చిన బొమ్మల కథల పుస్తకం ఒకటి ఇచ్చి చదవమన్నాను. బొమ్మ చూసింది, చక్కగా ఒక కథ చెప్పింది. కథ బాగానే ఉంది, కాకపోతే పుస్తకంలో ఉన్నది అది కాదు. నేను అరచేత్తో బొమ్మ మూసి, "ఇప్పుడు చదువు," అన్నాను. దాని గొంతు ఆగిపోయింది. ఒక మాట పట్టుకుని, వదిలేసి, ఇంకోటి పట్టుకుని, చివరికి నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"మామ్మకి చెప్పకమ్మా," అంది. "తెలిస్తే పుస్తకం తమ్ముడికి ఇచ్చేస్తారు."

అప్పుడు అర్థమైంది, బడికెళ్లే వేళకి దానికి వచ్చే కడుపునొప్పులు ఎందుకో, బడి నుంచి వచ్చే డిక్టేషన్ పుస్తకం ఎందుకంత ఎర్రగా ఉండేదో. క్లాసులో పైకి చదవాల్సి వచ్చినప్పుడు ముందు చదివినవాళ్ల మాట విని అప్పజెప్పేదట. మొదటి పేరు దానిదైన రోజున నిలబెట్టేవారట. తెలిసిన డాక్టరు గారికి చూపించాం. ఇలాంటి పిల్లలుంటారు, తెలివికి లోటేం లేదు, అక్షరం నెమ్మదిగా ఎక్కుతుంది, మీరు మాత్రం కంగారు పెట్టకండి అన్నారాయన. కంగారు పెట్టకుండా ఉండటం మా వంశంలో లేదు. అయినా నేను, మా వారు మాట్లాడుకుని, ఒక్క ఏడాది ఇంట్లోనే ఉంచి చదివిద్దామని తీర్మానించుకున్నాం. కారణం మాత్రం మామ్మకి చెప్పకూడదని పిల్ల మా ఇద్దరి చేత ఒట్టు వేయించుకుంది.

కారణం లేని తీర్మానం విన్న మా అత్తగారి కోపం నేను ఇక్కడ పూర్తిగా రాయలేను.

"మా నాన్నగారు కూలికెళ్లి నన్ను బడికి పంపేరమ్మాయ్. వరదొచ్చినా పడవెక్కి వెళ్లేదాన్ని. బళ్లో ఉన్న పిల్లని మీరు ఇంటికి తెచ్చి కూర్చోపెడతారా? అదీ బి.ఇడి.లు చదివి?"

మా వారు తలొంచుకుని గోళ్లు చూసుకున్నారు. నేను "ఒక్క ఏడాదేనండి అత్తయ్యగారూ," అన్నాను. అంతకన్నా ఏం చెప్పినా పిల్ల గుట్టు బయటపడుతుంది. ఆవిడ ఆ రోజు నుంచి పిల్లల చదువు సంగతి నాతో మాట్లాడటం మానేశారు. ఉప్పు, పప్పు, పాలవాడు, ఇవే మా మధ్య మాటలు. ఆరేళ్ల మా అబ్బాయి మాత్రం, అక్క ఇంట్లో ఉంటే నేనెందుకు వెళ్లాలని అడిగాడు. వాడినీ ఉంచేశాం.

ఇక ఊరు. మా వారి స్టాఫ్ రూములో, "మాస్టారూ, మన బడి మీ పిల్లలకే పనికిరాలేదేంటండీ?" అని నవ్వేవారట. ఎదురింటి పిన్నిగారు రోజూ గేటు దగ్గర నిలబడి, "ఈవేళ స్కూలు లేదా అండీ?" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. గోదావరి జిల్లాల మర్యాదలో ఉన్న కారం మిరపకాయలో కూడా ఉండదు. మా అబ్బాయి అంతే మర్యాదగా, "ఆయ్, ఉందండి. దాని మీదే వెళ్తున్నామండి," అని స్కూటర్ చూపించేవాడు.

నిజంగానే ఆ ఏడాది మా బడి స్కూటర్ మీదే నడిచింది. దానికో కారణముంది. ఇంట్లో కూర్చోపెట్టి చదివించాలని మొదట నేను చాలా అవస్థ పడ్డాను. ఆ పిల్లకి ఒకసారి వినిపిస్తే చాలు, పట్టేస్తుంది. పాఠం నేనొకసారి చదివితే రెండోసారి అది చూడకుండా అప్పజెప్పేస్తుంది, వేలు మాత్రం బుద్ధిగా అక్షరాల కిందే ఉంటుంది. ఇంట్లో ఉన్న ప్రతి పుస్తకం దాని చెవిలోకి ఎప్పుడో వెళ్లిపోయింది. దానికి కంఠతా రాని మాటలు కావాలి. అవి ఇంట్లో దొరకవు, రోడ్డు మీదే దొరుకుతాయి. అందుకని ప్రతి బుధవారం నేను, పిల్లలిద్దరూ ఒక స్కూటర్ మీద, సెలవు రోజుల్లో మా వారితో కలిసి రెండు బళ్ల మీద బయల్దేరేవాళ్లం.

మొదటి బుధవారం బస్టాండుకి తీసుకెళ్లాను. బోర్డులు చదవమంటే టకటకా చెప్పేస్తోంది, రాజోలు, రావులపాలెం, కాకినాడ. నా ఆనందానికి అంతు లేదు. కాసేపటికి అర్థమైంది, మైకులో చెప్పేది విని చెబుతోంది. మైకు ఆగాక కూడా ఒక బస్సు చూపించి మలికిపురం అంది.

"అదెలా చదివావే?"

"చదవలేదమ్మా. ఆ మామ్మగారు మలికిపురం వెళ్తుందా అని అడిగేరు. కండక్టరుగారు ఆయ్ అన్నారు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చదవకుండా తప్పించుకోవడానికి ఇది పడుతున్న కష్టంలో సగం పడితే చదువే వచ్చేస్తుంది. అక్కడే సిమెంటు బెంచీ మీద కూర్చుని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. అది ఊహించకూడదు, కంటికి ఏ అక్షరం కనిపిస్తే అదే అనాలి. నేను అందించకూడదు.

ఈ అందించడం గురించి చెప్పాలి. ఎవరైనా ఒక మాట దగ్గర ఆగితే చాలు, మా ఇంట్లో పక్కనున్న వాళ్లు ఆ మాట అందించేస్తారు. పాటలో ఆగినా, ప్రార్థనలో ఆగినా, ఆఖరికి కూరగాయల బేరంలో ఆగినా అంతే. పంతుళ్ల నోటి దురద అది. పుస్తకంలో కన్ను ఆగిన ప్రతిసారీ మా పిల్లకి మాట ఎవరో ఒకరు నోట్లో పెట్టేశారు కాబట్టే దానికి అక్షరంతో పని పడలేదు. ఒప్పందం ప్రకారం నేను నోరు మూసుకుని కూర్చోవాలి. పిల్ల 'రా' దగ్గర ఆగి, 'వు' కోసం వెతుక్కుంటూ ఉంటే, బస్సు కదిలి వెళ్లిపోతుంటే, నాలుక కొరుక్కుని కూర్చోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

వానలు తగ్గాక ఒక సెలవు రోజున ముక్తేశ్వరం రేవుకి వెళ్లాం. అక్కడ మనుషుల్నీ బళ్లనీ కలిపి గోదావరి దాటించే పంటు ఉంటుంది. పంటు రెయిలింగుకి ఒక రేకు బోర్డు, దాని మీద రంగు వెలిసిన అక్షరాలు. మా అబ్బాయి, వాళ్ల నాన్న నీళ్ల వైపు నిలబడి, ఎర్రనీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, ఏటి మధ్య లంకలో ఇసుక ఎందుకు ఏటా జాగా మారుతుందో మాట్లాడుకుంటున్నారు. పిల్ల బోర్డు ముందు నిలబడింది. "అం... చు... న..." అని మొదలుపెట్టింది. పంటు నడి ఏటికొచ్చింది. కొంగలు లేచాయి. మోటారు సైకిళ్ల మీద కూర్చున్నవాళ్లు ఈ పిల్ల ఎవరితో మాట్లాడుతోందా అని చూస్తున్నారు. "ని... ల... బ..." అనేసరికి కోటిపల్లి ఒడ్డు వచ్చేసింది. అందరూ దిగారు. పిల్ల కదల్లేదు.

"ఇంకా ఉందమ్మా," అంది.

మేం దిగకుండా అదే పంటు మీద వెనక్కి వచ్చాం. టికెట్లు కొట్టే ఆయన, "మళ్లీ వచ్చేరేంటండీ, ఏమైనా మర్చిపోయేరా?" అని అడిగాడు. "ఆయ్, ఒక మాట ఉండిపోయిందండి," అన్నారు మా వారు. ఇవతలి ఒడ్డు చేరేలోపు అది 'అంచున నిలబడరాదు' పూర్తిగా చదివింది. చదివి, తను నిలబడ్డ చోటు చూసుకుని, గబుక్కున రెండడుగులు లోపలికి వేసింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం పిల్ల మొదటిసారి నడిచినప్పుడు కూడా కలగలేదు. అప్పుడు నడుస్తుందని తెలుసు కదా.

అంబాజీపేట వెళ్లే దారిలో ఇంకోటి జరిగింది. అటు వెళ్తే పొట్టిక్కబుట్టలు తినకుండా రాము. పనసాకుల బుట్టల్లో ఉడికిన ఇడ్లీకి ఆకు వాసన పడుతుంది, దాని కోసం మా అబ్బాయి ఏ పాఠమైనా వింటాడు. తిరిగి వస్తుంటే కాలవ వంతెన మీద బళ్లు ఆగిపోయాయి. మా ముందు కొబ్బరికాయల లారీ, దాని వెనకాల పసుపు రంగులో ఏదో రాసుంది. స్కూటర్ ముందు నిలబడ్డ పిల్ల దాన్ని చూస్తూ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. నేను రోడ్డు పక్కకి చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. అంత నవ్వు ఎందుకా అని లారీ వైపు చూస్తే, 'నన్ను చూసి ఏడవకురా' అని ఉంది. అప్పటిదాకా అక్షరం దాన్ని ఏడిపించిందే గానీ నవ్వించలేదు. లారీ కదిలాక కూడా ఇంటి దాకా నవ్వుతూనే ఉంది. సాయంత్రం వాళ్ల నాన్నకి చెప్పి నవ్వింది. మామ్మకి కూడా చెప్పబోయి, లారీ మీది మాటకి అంత సంబరమెందుకని అడుగుతారని ఆగిపోయింది.

ఎందుకంటే ఇంట్లో ప్రార్థన యథాప్రకారం నడుస్తూనే ఉంది. బుధవారం పగలు రోడ్ల మీద తడుముకునే పిల్ల, సాయంత్రం చాప మీద గంట కొట్టినట్టు చదివేది. ఇదివరకు ఆ పని హుషారుగా చేసేది. ఇప్పుడు పుస్తకం అందుకుంటుంటే దాని చేతులు నెమ్మదించేవి. చదవడమంటే ఏమిటో తెలిసేకొద్దీ, తను చేసేది అది కాదని కూడా దానికి తెలుస్తోంది. ఒక రోజు నిజంగా చదువుదామనుకుంది కాబోలు, రెండో వాక్యం దగ్గరే వేగం పడిపోయింది. ఒక మాట దగ్గర ఆగింది. అంతే, మా అత్తగారు ఆ మాట అందించేశారు. తర్వాతి మాటా అందించేశారు.

"ఏమే, గొంతు బాలేదా?"

"బానే ఉందండి మామ్మా," అని పిల్ల పాత వేగం అందుకుంది. వేలు అక్షరాల కింద నుంచి తీసేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. కానీ ఆవిడకేం తెలుసు?

ఆవిడ నాతో ఆ సంగతి మాట్లాడకపోయినా, మా అబ్బాయిని మాత్రం పక్కన కూర్చోపెట్టుకుని ఆరా తీసేవారు. "ఈవేళ ఏం చూసేర్రా?" వాడు పీతల గురించి, కాలవ లాకుల తలుపుల గురించి, ఉప్పునీళ్లలో నిలబడే మడ చెట్ల వేళ్ల గురించి చెప్పేవాడు. "అక్క ఏం చేసింది?" అంటే మాత్రం, "అక్క చూసిందండి," అని నోరు గట్టిగా మూసుకునేవాడు. వాడికి రహస్యం దాచడం వచ్చని అలా తెలిసింది. ఆవిడకి ఆ జవాబు రుచించలేదు. బడి మానేసి పిల్ల ఊరికే చూస్తూ తిరుగుతోందన్నమాట.

వరి కోతలైపోయిన రోజుల్లో, మా వారికి సెలవు వచ్చిన ఒక పొద్దున్న, ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, చేతి సంచీ పట్టుకుని వరండాలోకి వచ్చారు.

"నేనూ వస్తాను. ఏం చదువు చెప్తున్నారో చూస్తాను," అన్నారు.

ఇన్‌స్పెక్షన్ అన్నమాట. పిల్ల నా వైపు చూసింది. నేను మా వారి వైపు చూశాను. ఆయన ఆటో పిలిచారు.

ఉప్పలగుప్తం దాటి, రొయ్యల చెరువుల మధ్య నుంచి సముద్రం వైపు వెళ్లాం. చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నాయి. ఒడ్డున ఇసుక మీదికి లాగి పెట్టిన పడవలు వరసగా ఉన్నాయి, నీలం, ఆకుపచ్చ రంగులు, ముందు కొమ్ము మీద పేర్లు. ఒక పడవ నీడలో ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు. మా అబ్బాయి చెప్పులు విప్పి నీళ్ల వైపు పరిగెత్తాడు. అత్తగారు గొడుగు వేసుకుని నిలబడి, పిల్లని పిలిచారు.

"ఇదిగో, ఈ పడవ పేరు చదువు చూద్దాం."

"అమ్మా, ఎండగా ఉంది, అలా నీడకి వెళ్దాం," అని మా వారు అడ్డం పడబోయారు. ఆవిడ ఆయన వైపు ఒక చూపు చూశారు. ఆయన మళ్లీ తన గోళ్లు చూసుకున్నారు. పిల్ల పడవ దగ్గరికి వెళ్లి నిలబడింది. తలతిప్పి నా వైపు చూడలేదు.

"గం... గ... మ్మ..."

"గంగమ్మ తల్లి," అనేశారు అత్తగారు. "ఏంటా నత్తి చదువు? తర్వాతది చదువు."

తర్వాతది పెద్ద పడవ. ఆకుపచ్చ మీద తెల్లటి అక్షరాలు. పిల్ల చాలాసేపు చూసింది.

"ధ... న... ల... ష్మి," అంది. మళ్లీ మొదటి నుంచి చూసి, "ధనలష్మి," అంది.

"ధనలక్ష్మి అనాలి. క్ష పలకవే."

"అక్కడ క్ష లేదండి మామ్మా."

ఆవిడకి అసలే మాటకి మాట ఎదురు చెబితే పడదు. వల దగ్గరున్న ఆయన వైపు తిరిగి, "బాబూ, ఈ పడవ పేరేంటి?" అని అడిగారు.

"ధనలక్ష్మండి. ఆయ్, మాదేనండి," అన్నాడాయన.

"విన్నావా?"

పిల్ల మళ్లీ పడవ వైపు చూసి జవాబు చెప్పింది. "పేరు అదేనేమోనండి. అక్కడ రాసింది మాత్రం అది కాదండి."

అత్తగారు గొడుగు మా వారి చేతికిచ్చి, సంచీలోంచి కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని పెట్టుకున్నారు. పడవ దగ్గరికి వెళ్లి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూశారు. నేనూ చూశాను. నిజమే, ష కింద మ వత్తు, అంతే. పెయింటరు క రాయనే లేదు. పెద్దవాళ్లం ముగ్గురం దాన్ని చూశాం, ముగ్గురం ధనలక్ష్మి అనే అనుకున్నాం. పిల్ల ఊహించలేదు. చదివింది.

"నిజమే," అన్నారు అత్తగారు. "తప్పు రాసేరు." తర్వాత పిల్ల వైపు తిరిగారు. ఆవిడ గొంతులో ఇప్పుడు కోపం లేదు, అర్థం కానితనం ఉంది. "మరి ప్రార్థనలో గడగడా చదువుతావు కదే. ఇక్కడెందుకే ఒక్కో అక్షరం పట్టుకుని వేలాడుతున్నావు?"

నేను ఏదో ఒకటి చెప్పి కప్పేద్దామని నోరు తెరిచాను. పిల్ల నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"అది చదవడం కాదండి మామ్మా. అదంతా నాకు వచ్చేసిందండి. అందుకని చెప్పేస్తున్నానండి." కాస్త ఆగి, పడవ వైపు వేలు చూపించింది. "చదవడం ఇదండి."

ఆవిడ మా ఇద్దరి వైపు చూశారు.

"మీకు తెలుసా?"

"ఆయ్," అన్నారు మా వారు, బడి పిల్లాడిలా.

"అందుకేనా బడి మాన్పించింది?"

"ఆయ్."

ఆవిడ పడవ అంచు మీద కూర్చుండిపోయారు. పిల్లని దగ్గరికి పిలిచి, "మరి పేజీ సరిగ్గా ఎలా తిప్పేదానివే?" అని అడిగారు.

"చిన్నప్పుడు మీరు నాకు చదివి వినిపించేవారు కదండి. కొన్ని మాటల దగ్గర వేలు తడి చేసుకునేవారండి. ఆ మాటలొస్తే తిప్పాలని గుర్తండి."

ఆవిడ కళ్లద్దాలు తీసేశారు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆవిడ కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. మామగారు పోయినప్పుడు కూడా మా ముందు ఏడవలేదు.

"మా నాన్నగారికి పేజీ నేను తిప్పేదాన్ని," అన్నారు. ఎవరితో అంటున్నారో తెలియదు, పడవతో అంటున్నట్టే ఉంది. "ఆయనకి అక్షరం ముక్క రాదు. చర్చిలో ఉపదేశి గారు చదువుతుంటే విని మొత్తం నేర్చేసుకున్నారు. ఆదివారం లేచి నిలబడి చదివితే, కూలోళ్లలో చదువుకున్న మనిషని అందరూ గౌరవించేవారు. నేను పక్కన నిలబడి పేజీ తిప్పేదాన్ని. మీ మామగారికి కూడా చెప్పలేదమ్మాయ్ ఈ మాట. ఎవరికి తెలియకపోయినా, ఇది నాకు తెలియాలి కదా. రోజూ ఎదురుగా కూర్చుని కూడా చూడలేదు నేను."

పిల్ల ఆవిడ మోకాళ్లకి ఆనుకుని నిలబడింది. "పుస్తకం తమ్ముడికి ఇచ్చేస్తారా అండి?" అని అడిగింది. ఇన్నాళ్లుగా దాని గుండెల మీద ఉన్న బరువు అదొక్కటే. ఆవిడ దాని తల నిమిరి, లేచి, చీర దులుపుకున్నారు. "ఇంకా పడవలున్నాయి కదా. పద," అన్నారు. వరసలో ఉన్నవన్నీ చూశారు ఇద్దరూ. మేం వెనకాల నడిచాం. ఆవిడ మధ్య మధ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చూసి నాకు నవ్వొచ్చింది. అందించకుండా ఉండటం ఎంత కష్టమో ఆవిడకీ తెలిసొస్తోంది.

ఇంటికొచ్చేసరికి ఎండ తగ్గింది. దారిలో కొన్న రొయ్యలు ఇగురు పెట్టాను. చాప పరిచాను. పిల్ల ఎప్పటిలా తన చోట కూర్చుంది గానీ, పుస్తకం కోసం చెయ్యి చాచలేదు. వాళ్ల తమ్ముడి వైపు ఒకసారి చూసి తలొంచుకుంది. మా అత్తగారు పుస్తకం తీసుకుని చాలాసేపు పేజీలు తిప్పారు. మా ఇంట్లో ఎప్పుడూ తెరవని చోట ఆగారు. ఎవరికి ఎవరు పుట్టారు, ఏ గోత్రంలో ఎవరెవరున్నారు అని వరసగా పేర్లు తప్ప మరేమీ లేని అధ్యాయం అది. సండే స్కూల్లో దాన్ని ఏ పిల్ల చేతా కంఠతా పట్టించరు.

"ఇది నాకూ రాదు, మీ నాన్నకీ రాదు," అని పుస్తకం పిల్ల ఒళ్లో పెట్టారు. "ఇది చదువు."

అది వేలు పెట్టి మొదలుపెట్టింది. నోరు తిరగని పేర్లు. ఒక్కో పేరుకీ ఒక్కో కొండ ఎక్కుతున్నట్టుంది. ఆగుతోంది, వెనక్కి వెళ్తోంది, మళ్లీ పట్టుకుంటోంది. మా వారి పెదవులు కదలబోయి ఆగిపోతున్నాయి. నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను. వంటింట్లో ఇగురు చల్లారిపోయింది. ఒక పొడుగాటి పేరు దగ్గర పిల్ల పూర్తిగా ఆగిపోయింది. ఎవరం ఏమీ అనలేదు. దాని వేలు అక్కడే ఉంది.

మా అబ్బాయి ఆకలికి ఆగలేక మామ్మ చీర లాగాడు. "మామ్మా, ఆమెన్ అనేద్దామా అండి?"

"ఊరుకోరా," అన్నారావిడ. "అక్క చదువుతోంది."